రైఫిల్ గురి మెరుగుపరచుకోవడం ఎలా? గ్రూపులు కొలిచి రాసుకునే పద్ధతి

అయిదు తూటాలూ ఒకే రంధ్రంలోంచి దూరినట్టు పడిన కాగితాన్ని ఎవరైనా దాచుకుంటారు. అదే రోజు అదే రైఫిల్‌తో కాల్చిన మిగతా కాగితాలు చెత్తబుట్టలోకి పోతాయి. చాలామందికి గురి ఒకచోట ఆగిపోయేది ఇక్కడే. ఒకే గురి మీద వరసగా కాల్చిన షాట్లు కాగితం మీద చేసే రంధ్రాల గుంపునే గ్రూపు అంటారు. మంచి గ్రూపు ఒక్కటే చేతిలో ఉంటే రైఫిల్ ఎంత వెడల్పున కాలుస్తోందో, ఆ వెడల్పులో తూటా వాటా ఎంతో, మీ వాటా ఎంతో తేలదు. కాల్చిన ప్రతి షాటునీ లెక్కలోకి తేవాలి, ప్రతిసారీ ఒకేలా కొలవాలి, ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. ఇక్కడి అంకెలు 50 మీటర్ల .22 రైఫిల్‌ను, అక్కడక్కడా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. దూరం, క్యాలిబర్ (.22 లాంటి తూటా వ్యాసం కొలత) మారితే అంకెలు మారతాయి, పని మాత్రం అదే.

లైను మీదికి వెళ్లే ముందు

రైఫిల్ నోరు ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చనప్పుడు బోల్ట్ (చాంబర్‌ను మూసే కడ్డీ) తెరిచి, చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) సేఫ్టీ ఫ్లాగ్ (ఖాళీ అని చూపే గుర్తు) పెట్టి ఉంచండి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. కాగితం మార్చడానికి ముందుకు వెళ్లేది రేంజ్ అధికారి కాల్పులు ఆపించి, రైఫిళ్లన్నీ ఖాళీ అని చూసి, వెళ్లమన్నాకే. ఆ సమయంలో వెనక ఉన్నవాళ్లు ఆయుధాన్ని ముట్టుకోకూడదు, స్కోప్ సరిచూసుకోవడానికైనా సరే. కళ్లద్దాలు, చెవి రక్షణ .22కి కూడా తప్పనిసరి. చప్పుడుకి ఉలిక్కిపడే అలవాటు ఒకసారి పట్టుకుందంటే ఒక పట్టాన వదలదు.

వెంట తీసుకెళ్లాల్సినవి: వెర్నియర్ కాలిపర్, చిన్న టార్క్ రెంచ్, ముందు ఒకటి వెనక ఒకటి పెట్టుకునే రెండు ఇసుక సంచులు, పెన్సిలు, గళ్ల నోటుపుస్తకం, మందపాటి కాగితం మీద అయిదారు గురిచుక్కలున్న టార్గెట్లు. పల్చటి కాగితం తూటా తగలగానే చిరుగుతుంది, చిరుగును కొలవలేం. టార్గెట్ వెనక గట్టి అట్ట బిగిస్తే రంధ్రం అంచు శుభ్రంగా వస్తుంది.

ముందు రైఫిల్‌లోని వదులు తీయండి

వదులైన మర ఉన్న రైఫిల్‌తో సాధన చేస్తే రైఫిల్ చేసే తప్పుకి ఒంటిని దిద్దుకుంటూ పోతారు. అందుకే ఈ తనిఖీ మొదట.

బ్యారెల్, యాక్షన్‌ను (బోల్ట్ కదిలే భాగాన్ని) స్టాక్‌కు (చేత్తో పట్టుకునే చట్రానికి) పట్టి ఉంచే మరలను తయారీదారు చెప్పిన టార్క్‌కే (మర తిప్పే బలానికే) బిగించండి. రెండు మరలున్నచోట ఒకదాన్ని పూర్తిగా బిగించాక రెండోదాని జోలికి వెళ్లకండి. రెండిటినీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. స్కోప్ రింగు మరలకు సాధారణంగా 1.7 నుంచి 2.3 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. అంతకుమించి బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుని లోపలి సర్దుబాటు బిగుసుకుంటుంది, క్లిక్ (సర్దుబాటు నాబ్‌లో ఒక మెట్టు) తిప్పినా గురి కదలదు. బిగించాక మర తల మీదుగా రింగు మీదికి సన్నటి రంగు గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే మర తిరిగిందన్నమాట. రేంజిలో అయిదు సెకన్లలో తేలిపోయే తనిఖీ ఇది.

బ్యారెల్ స్టాక్‌ను తాకకుండా ఉండాల్సిన రైఫిల్ అయితే రెండింటి మధ్య కాగితం ముక్క పెట్టి యాక్షన్ దాకా లాగి చూడండి. ఎక్కడైనా ఆగితే అక్కడ తాకుతోంది. బ్యారెల్ వేడెక్కేకొద్దీ ఆ తాకిడి బలం మారుతుంది, షాట్లు ఒకవైపు జరుగుతూ పోతాయి. రైఫిల్ పూర్తిగా ఖాళీ చేసి, బోల్ట్ బయటికి తీసేశాక బ్యారెల్ చివరి అంచు మీద దూదిపుల్ల తిప్పండి. దూది పోగు చిక్కుకుంటే అంచు దెబ్బతింది. దాన్ని తుపాకీ మిస్త్రీకి వదిలేయండి.

స్కోప్ వాడేవాళ్లు పారలాక్స్ (కన్ను కదిలితే గురి జారినట్టు కనిపించడం) చూడకుండా గ్రూపు కొలవడం వృథా. ఖాళీ రైఫిల్‌ను సంచుల మీద కదలకుండా పెట్టి, చెయ్యి తీసేసి, తలను మాత్రం కొద్దిగా పైకీ కిందికీ పక్కలకీ కదపండి. టార్గెట్ మీద క్రాస్‌హెయిర్ జారుతున్నట్టు కనిపిస్తే సర్దుబాటు నాబ్‌ను జారుడు ఆగేదాకా తిప్పండి. నాబ్ లేని స్కోపులు ఒకే దూరానికి స్థిరంగా ఉంటాయి. .22 కోసం చేసినవి సాధారణంగా 50 గజాలకు, పెద్ద క్యాలిబర్లవి 100 గజాలకు. అలాంటి స్కోప్‌లో కంటి చుట్టూ కనిపించే నల్లటి నీడ అన్ని వైపులా సమానంగా ఉండేలా చెంప ఆనించడమే మార్గం.

రైఫిల్ పక్కకు ఒరగడం చాలామంది గమనించని తప్పు. సెకనుకు 325 మీటర్ల వేగంతో బయల్దేరిన .22 తూటా 50 మీటర్లు చేరేలోపు సుమారు 124 మి.మీ. కిందికి దిగుతుంది. సైట్లను ఆ దిగుడుకు సర్ది ఉంచుతాం కాబట్టి రైఫిల్ 5 డిగ్రీలు ఒరిగితే తూటా 11 మి.మీ. పక్కకు పోతుంది. ఎప్పుడూ ఒకే కోణంలో ఒరిగితే నష్టం లేదు. షాటుకో కోణం ఒరిగితేనే గ్రూపు అడ్డంగా విచ్చుకుంటుంది.

రైఫిల్ సత్తా విడిగా చూడండి

మనిషి వణుకు తీసేస్తే రైఫిల్, తూటా కలిసి ఎంత వెడల్పు ఇస్తాయో ముందు తేల్చుకోవాలి. బెంచి మీద ఇలా చేయండి.

1. ముందు సంచి స్టాక్ ముందుభాగం కింద ఉండాలి, బ్యారెల్ కింద కాదు. పేలినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది. దాన్ని దేనిమీదైనా ఆనిస్తే ఆ కంపం మారి తూటా వేరేచోటికి పోతుంది. సంచి తగిలే చోట స్టాక్ మీద టేపు ముక్క అంటించి ప్రతి షాటుకీ అక్కడే ఆనించండి.

2. వెనక సంచి బట్ (స్టాక్ భుజానికి ఆనే చివర) కింద పెట్టి, ఎడమ చేత్తో నొక్కుతూ ఎత్తు సరిచేయండి. గురిని పట్టి ఉంచేది సంచే కావాలి. నొక్కు వదిలితే బట్ దిగి గురి పైకి జారిపోతోందంటే సంచి ఎత్తు చాలలేదు.

3. కొలతకి పనికిరాని షాట్లు ముందు కాల్చేయండి. శుభ్రం చేసిన బ్యారెల్‌కు 10 దాకా, .22లో తూటా బ్రాండు మార్చినప్పుడు 15 నుంచి 20 దాకా. ఒక్కో బ్రాండు తూటాకు ఒక్కో రకం మైనం ఉంటుంది. పాత మైనం పోయి కొత్తది బోర్‌లో (బ్యారెల్ లోపలి గొట్టంలో) పరుచుకునేదాకా షాట్లు కుదురుకోవు.

4. సైట్‌ను గురిచుక్కకు కాస్త పైకో పక్కకో తూటా పడేలా సర్దండి. చుక్క చిరిగిపోతే తర్వాతి షాటుకి గురి పెట్టేదేమీ ఉండదు. గ్రూపు ఎక్కడ పడిందన్నది ఈ పరీక్షలో ముఖ్యం కాదు, ఎంత దగ్గరగా పడిందన్నదే ముఖ్యం.

5. ఒక్కో చుక్క మీద 5 చొప్పున 6 చుక్కలు, మొత్తం 30 షాట్లు. మధ్యలో క్లిక్కులు తిప్పొద్దు. షాటుకీ షాటుకీ మధ్య వ్యవధి సమానంగా ఉండాలి, చాంబర్‌లో తూటా వేడెక్కుతూ కూర్చోకూడదు.

6. కాగితం తీసే ముందే దాని మీద తేదీ, రైఫిల్, తూటా లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి పెట్టెమీద ఉండే అంకె), దూరం రాయండి. ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే రెండు కాగితాలు తారుమారవుతాయి.

గాలి ఉన్నరోజు ఈ పరీక్ష పెట్టుకోకండి. పక్కనుంచి సెకనుకు 1 మీటరు గాలి, ముఖానికి తగిలీ తగలనట్టుండే గాలి, 50 మీటర్ల దగ్గర .22 తూటాను 6, 7 మి.మీ. జరుపుతుంది. తప్పనిసరైతే టార్గెట్‌కూ మీకూ మధ్య సన్నటి రిబ్బన్ కట్టి, అది ఒకేలా వాలినప్పుడే కాల్చండి.

కొలవడం

గ్రూపు సైజు అంటే అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం. కేంద్రం కంటితో పోల్చలేం కాబట్టి ఆ రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, ఒక రంధ్రం వ్యాసం తీసేయాలి. ఇక్కడో పొరపాటు జరుగుతుంది. .22 తూటా వ్యాసం 5.6 మి.మీ. అయినా కాగితం తూటా దూరాక కొంత మూసుకుంటుంది, రంధ్రం చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే అదే కాగితం మీద విడిగా పడిన ఒక రంధ్రాన్ని కొలిచి ఆ అంకెనే తీసేయండి. రంధ్రం చుట్టూ పడే మసి గీత దాకా కొలిస్తే రెండుచోట్లా మసి గీత దాకానే కొలవాలి.

మిల్లీమీటర్లను కోణంలోకి మారిస్తే వేర్వేరు దూరాల్లో కాల్చినవి పోల్చుకోవచ్చు. ఒక మినిట్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 మీటర్ల దగ్గర 29.1 మి.మీ., 50 దగ్గర 14.5, 10 దగ్గర 2.9. పావు మినిట్ క్లిక్ అయితే 50 మీటర్ల దగ్గర గురి 3.6 మి.మీ. జరుగుతుంది.

గ్రూపు సైజుతో ఆగిపోవద్దు. అయిదు షాట్లు కాల్చి రెండింటినే వాడుకుని మూడింటి సమాచారం పారేస్తోంది ఆ కొలత. సగటు వ్యాసార్థం అన్ని షాట్లనీ వాడుకుంటుంది. ఒక మూల నుంచి ప్రతి రంధ్రం అడ్డం దూరం, నిలువు దూరం రాసుకోండి. అడ్డం అంకెల సగటు, నిలువు అంకెల సగటు కలిస్తే అదే గ్రూపు కేంద్రం. ఆ కేంద్రం నుంచి ఒక్కో రంధ్రానికి ఎంత దూరమో లెక్కగట్టి సగటు తీయండి.

ఉదాహరణకు 50 మీటర్ల దగ్గర గురిచుక్క నుంచి అయిదు షాట్లు ఇలా పడ్డాయనుకోండి: కుడికి 2, పైకి 3. ఎడమకి 4, పైకి 1. కుడికి 5, కిందికి 2. కుడికి 1, పైకి 6. ఎడమకి 4, పైకి 2. అడ్డం సగటు సున్నా, నిలువు సగటు పైకి 2. ఆ కేంద్రం నుంచి దూరాలు వరసగా 2.2, 4.1, 6.4, 4.1, 4.0. సగటు వ్యాసార్థం సుమారు 4.2 మి.మీ. దూరంగా ఉన్న రెండు మూడోదీ అయిదోదీ, వాటి మధ్య 9.8 మి.మీ., అంటే 0.68 మినిట్. కేంద్రం 2 మి.మీ. పైన ఉందని సైట్ తిప్పాలా? వద్దు. ఒక క్లిక్ విలువే 3.6 మి.మీ. పైగా అయిదు షాట్ల కేంద్రం తనంతట తానే అటూ ఇటూ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఊగుతుంది. ఒక్కో షాటును వెంటాడుతూ క్లిక్కులు తిప్పేవాళ్ల గ్రూపులు అందుకే పెద్దవవుతాయి.

అంకె ఎంతవరకు నమ్మాలి

ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే మనిషి. 5 షాట్ల గ్రూపు సగటున 12 మి.మీ. వచ్చే చోట 3 షాట్ల గ్రూపు 9.4 దగ్గర, 10 షాట్ల గ్రూపు 15 దగ్గర వస్తుంది. షాట్లు పెరిగితే గ్రూపు పెద్దదవడం ఖాయం. కాబట్టి ఎన్ని షాట్లో చెప్పని గ్రూపు సైజుకి విలువే లేదు. మూడు షాట్ల గ్రూపులతో తూటాలు ఎంచుకోవడం బొమ్మా బొరుసా వేసి ఎంచుకోవడంతో సమానం.

అదే 12 మి.మీ. సగటు రైఫిల్‌లో ఒక గ్రూపు 8, తర్వాతది 16 రావచ్చు, ఏమీ మారకుండానే. 8 వచ్చినప్పుడు చేసిన మార్పుకి పొగడ్త, 16 వచ్చినప్పుడు తూటాకి తిట్లు. రెండూ తప్పే. 30 షాట్లు కలిపి లెక్కిస్తే పొరపాటు 10 శాతం దగ్గరికి తగ్గుతుంది. ఆరు గ్రూపుల సగటు వ్యాసార్థాల సగటు తీసుకోండి. రెండు తూటాల మధ్య తేడా 10 శాతం కంటే తక్కువ కనిపిస్తే తేడా లేదనే అనుకుని, చవకైనది కొనండి.

ఇక అసలు విషయం. రైఫిల్ వెడల్పు, మనిషి వెడల్పు మామూలుగా కూడవు, వర్గాలుగా కూడతాయి. బెంచి మీద సగటు వ్యాసార్థం 4 మి.మీ., పడుకుని కాల్చితే 8 అనుకుందాం. 64లోంచి 16 తీస్తే 48, దాని వర్గమూలం 6.9. అది మీ వాటా. ఖరీదైన తూటా కొని రైఫిల్ వాటాను 4 నుంచి 3కి తెస్తే మొత్తం 7.5 అవుతుంది. అదే పట్టు సరిదిద్దుకుని మీ వాటాను 6.9 నుంచి 5కి తెస్తే మొత్తం 6.4.

50 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మి.మీ. తూటా అంచు తాకినా పదే, కాబట్టి తూటా కేంద్రం మధ్య నుంచి 8 మి.మీ. లోపు పడాలి. గురి మధ్యకే సర్ది ఉంటే సగటు వ్యాసార్థం 8 ఉన్నవాళ్లకు నూటికి 54 పదులు పడతాయి. కొత్త తూటాతో 59. పట్టు సరిచేసుకుంటే 71. బెంచి మీది 4తో 95 పైనే. పెట్టెడు తూటాలు కొనే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

గ్రూపు ఆకారం చెప్పేది

నిలువుగా సాగితే మొదట ఊపిరి చూడండి. ప్రతి షాటూ ఊపిరిలో ఒకే దశలో వెళ్లడం లేదేమో. బెంచి మీద కూడా నిలువుగానే సాగితే తూటా వేగాల తేడా కావచ్చు. 50 మీటర్ల దగ్గర సెకనుకు 10 మీటర్ల వేగం తేడా ఇంచుమించు 7 మి.మీ. ఎత్తు తేడా. వెనక సంచి మీద బట్ ఆనే చోటు మారినా ఇదే ఆకారం వస్తుంది.

అడ్డంగా సాగితే గాలి, ట్రిగ్గర్‌ను పక్కకు నెట్టడం, రైఫిల్ ఒరగడం. గాలి లేని ఇన్‌డోర్ రేంజిలో ఒక్కసారి కాల్చి చూస్తే సగం సందేహం తీరుతుంది.

రెండు విడి గుంపులుగా పడితే ఏదో వదులుగా ఉంది, లేదా మధ్యలో భంగిమ మారింది, లేదా చెంప రెండుచోట్ల ఆనుతోంది. ఎన్నో షాటు ఎక్కడ పడిందో రాసుకుంటే కారణం త్వరగా దొరుకుతుంది. మొదటి మూడూ ఒకచోట, చివరి రెండూ ఇంకోచోట అంటే భంగిమ లేదా వేడి. ఒకటి విడిచి ఒకటి అంటే మర, లేదా చెంప. మొదటి షాటు ఒక్కటే దూరంగా పోయి మిగతావి కలిసి పడితే బోర్‌లో నూనె మిగిలింది.

గుండ్రంగానే ఉండి వెడల్పుగా ఉంటే దాన్ని తగ్గించడం అన్నిటికంటే కష్టం. రైఫిల్‌కు ఆ తూటా నప్పలేదు, లేదా మీ పట్టు అన్ని వైపులా సమానంగా వణుకుతోంది. ఏదో తేల్చేది బెంచి కాగితమే.

ఒంటితో చేయాల్సింది

భంగిమలో కుదురుకున్నాక కళ్లు మూసుకుని రెండు మూడు ఊపిరులు తీసి వదలండి. కళ్లు తెరిస్తే సైట్ ఎక్కడ ఉందో అదే ఒంటి సహజ దిశ. టార్గెట్ పక్కన ఉంటే చేతులతో లాగకండి. పడుకుని కాల్చేటప్పుడు ఎడమ మోచేతిని ఇరుసుగా ఉంచి మొత్తం ఒంటినే జరపండి. చేతితో లాగి పెట్టిన గురి ట్రిగ్గర్ విడిచే క్షణంలో తన చోటికి తాను వెళ్లిపోతుంది. ప్రతి అయిదు షాట్లకీ ఈ తనిఖీ మళ్లీ చేయండి.

ఊపిరి వదిలాక సహజంగా వచ్చే విరామంలో కాల్చాలి. 5 నుంచి 8 సెకన్లలో షాటు వెళ్లకపోతే రైఫిల్ దించి మళ్లీ మొదలుపెట్టండి. ఆపైన కన్ను మసకబారుతుంది, గుండె దడ సైట్‌లో కనిపిస్తుంది. దించడానికి మనసొప్పక లాగిన షాటే ఎక్కువసార్లు ఎనిమిదిలో పడుతుంది.

ట్రిగ్గర్ మీద వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ఉండాలి, ఒత్తిడి నేరుగా వెనక్కి. వేలి మిగతా భాగం స్టాక్‌ను తాకకూడదు. పేలాక కూడా ఒక సెకను అలాగే చూస్తూ ఉండండి. ఎయిర్ రైఫిల్‌లో ఇది మరీ ముఖ్యం. పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్ల దగ్గరే, బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, మీరు ముందే సడలిస్తే ఆ కదలిక అంతా దాని మీద పడుతుంది.

షాటు పేలిన క్షణంలో సైట్ ఎక్కడుందో చూసి, స్పాటింగ్ స్కోప్‌లో చూడకముందే చెప్పేయండి: "కుడి, కొంచెం కింద." తర్వాత చూడండి. చెప్పిన చోటే పడితే తప్పు పట్టుది. గడియారంలో తొమ్మిది ఉండే వైపు అన్నారు, మూడు ఉండే వైపు పడింది అంటే రైఫిల్‌నో గాలినో అనుమానించాలి. రెండూ కలిపి రాసుకుంటేనే ఉపయోగం.

ఖాళీ ట్రిగ్గర్ సాధన రోజూ పది పదిహేను నిమిషాలు చేయండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, చాంబర్ రెండుసార్లు చూసుకున్నాకే. కొన్ని .22 రైఫిళ్లలో ఫైరింగ్ పిన్ చాంబర్ అంచును కొడుతుంది, కాబట్టి స్నాప్ క్యాప్ (పేలని ఉత్తుత్తి తూటా) వాడండి. ఎయిర్ రైఫిల్‌కు డ్రై ఫైర్ మీట ఉంటే అది వేయండి.

నోటుపుస్తకంలో

ఒక్కో గ్రూపుకు ఒక్కో వరస. తేదీ, వేళ, ఉష్ణోగ్రత, గాలి, దూరం, భంగిమ, తూటా బ్రాండు, లాట్ నంబరు, శుభ్రం చేశాక ఎన్నో షాటు, గ్రూపులో ఎన్ని షాట్లు, గ్రూపు సైజు, సగటు వ్యాసార్థం, కేంద్రం అడ్డం నిలువుల్లో ఎంత జరిగింది. చివర ఈ గ్రూపుకు ముందు ఏం మార్చారు అన్న గడి. ఆ గడిలో రెండు మార్పులు కనిపిస్తే ఆ రోజు పరీక్ష చెల్లదు, మళ్లీ చేయాలి.

దూరంగా పోయిన షాటును తీసేసి కొలిచే అలవాటు మానండి. ఒక్క మినహాయింపు ఉంది. పేలిన వెంటనే, కాగితం చూడకముందే తప్పని చెప్పిన షాటును రైఫిల్ పరీక్షలో పక్కన పెట్టవచ్చు, అది కూడా నోటుపుస్తకంలో గుర్తు పెట్టి. మీ సొంత సాధన లెక్కలో మాత్రం అదీ ఉండాలి. పోటీలో దాన్నెవరూ తీసేయరు.

రెండు రకాల తూటాలు పోల్చేటప్పుడు ఒకటి ఉదయం, ఇంకొకటి మధ్యాహ్నం కాల్చితే గాలి, వెలుతురు, అలసట అన్నీ రెండోదాని ఖాతాలో పడతాయి. మొదటిది 15, రెండోది 15, మళ్లీ మొదటిది 15, రెండోది 15 అని మార్చి మార్చి కాల్చండి. మారిన ప్రతిసారీ బోర్ కుదురుకునే షాట్లు విడిగా కాల్చాలి, అవి ఈ 15లోకి రావు. పెల్లెట్లలో ఈ బెడద తక్కువ, తల సైజు 4.49, 4.50, 4.51 అని మారే డబ్బాలను అయిదేసి షాట్ల చొప్పున మార్చి మార్చి పరీక్షించవచ్చు. నప్పిన లాట్ దొరికాక అదే నంబరున్న పెట్టెలు సీజనుకు సరిపడా తీసుకుని, నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచి, దాని మీద పెట్టె మూత నుంచి కత్తిరించిన లాట్ చీటీ అంటించండి.